విమానమునకు తాళము

అమెరికాలోని చిన్న విమానాశ్రయములు పెక్కింట నొక ఆచారము కలదు: దిగివచ్చిన అపరిచిత వైమానికుఁడు ఊరిలోనికిఁ బోయి వచ్చుటకై ఒక పాత కారు సిద్ధముగా నుండును, దాని తాళపుచెవి గోడమేకునకు వ్రేలాడుచుండును, తీసికొని పోయినవాఁడు పెట్రోలు పోయించి మరల తెచ్చి నిలుపుననియే అందఱి నమ్మకము. ఆ మైదానములోనే ఆరుబయట నిలిచిన విమానములను త్రాళ్లతో నేలకు బిగించుట గాలికి వెఱచియే కాని మనుష్యునికి వెఱచి కాదు. చుట్టునున్న కంచె సైతము కొన్నిచోట్ల జింకలకై వేసినదే. ఇట్టి చోటఁ దాళము వేయుమనుట పొరుగువానిని ముందుగానే దొంగగా నెంచుట కాదా? ఈ ప్రశ్న తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు; అస్తేయమును యమములలోఁ జేర్చిన పతంజలి నిగ్రహమును మనస్సునకు విధించెనే కాని తలుపునకు విధింపలేదు.

అయినను 2008 నవంబరులో వాషింగ్టన్ రాష్ట్రపు ఆర్కస్ ద్వీపమునుండి కోల్టన్ హారిస్-మూర్ అను 17 ఏండ్ల బాలుఁడు, గురుముఖమున విమానవిద్య నేర్వకయే, ఒక సెస్నా 182ను దొంగిలించి, కాస్కేడ్ పర్వతములు దాఁటి, యాకమా భూములలోఁ గూల్చి, నడచి వెడలిపోయెను. 2010లో ఇండియానానుండి మఱియొక విమానముతో బహామా దీవులదాఁకఁ బోయెను. రెండుమార్లును క్రింద నెవరును చావకుండుట ఎవరి ముందుజాగ్రత్త ఫలమును కాదు.

చేనికి వేయు కంచె ఒంటె పైనుండి తొంగిచూడరానంత ఎత్తుండవలెననియు, కుక్కయుఁ బందియుఁ దల దూర్పఁగల కంతలన్నియు మూయవలెననియు మనుస్మృతి చెప్పును. ఊరి బయలునఁ గంచె లేని చేనిని పశువులు మేసినచోఁ గాపరికి దండన లేదు. అచ్చట అజాగ్రత్త ఫలమును రైతే అనుభవించును గనుక న్యాయ మంతటితోఁ దీరినది. విమానము సంగతి వేఱు. యజమాని పోఁగొట్టుకొనునది యంత్రము, అదియు బీమాతో మరల రాఁగలది. అది ఎవరి యింటికప్పుపైఁ బడునో వారికి ఆ మైదాన మెచ్చట నున్నదో తెలియదు, వారి యనుమతి నెవరును అడుగలేదు. తనది మాత్రమే పోవునప్పుడు నమ్మి పోఁగొట్టుకొనుట ఔదార్యము; పరుల ప్రాణమును పూచీగాఁ బెట్టి నమ్ముట ప్రమాదము, ఆ పదమునకు సంస్కృతమునఁ గల ఏమరుపాటను అర్థమునఁ గూడ.

కావునఁ గారు తాళపుచెవి ఆ మేకుననే యుండనిండు. 24 గంటలు మించి నిలిపియుంచు విమానమునకు రెండు తాళములుండవలెనని న్యూజెర్సీ రాష్ట్రము 2003లో విధించినది. ప్రొపెల్లరుకు వేయు గొలుసుతాళమునకుఁ దఱచు ఎఱ్ఱని గుర్తు వ్రేలాడుచుండును. అది దొంగకై కాదు, తాళము తీయ మఱచి ఇంజను త్రిప్పఁబోవు యజమానికై.