దిద్దవలసిందెవరు?

మన మెదక్ ప్రాంతంలో బతుకమ్మ రోజుల్లో కోలాటం వేసేవారిని గమనించారా? చేతికొకటి చొప్పున రెండు కోలలు. ఇది ఒంటరిగా వేసే ఆట కాదు; ఎదుటివారి కోల తగిలితే చప్పుడు. కోపును బట్టి జత మారుతూ ఉంటుంది.

కొత్తగా నేర్చేవారిలో ఒక దురలవాటు కనబడుతుంది: కోలను మరీ బలంగా కొట్టడం. కొట్టినవారికి అది హుషారు. గురి తప్పితే నొప్పి మాత్రం ఎదుటివారి వేళ్లకు! అందుకే మన తప్పు మనకంటే ముందు మన జతకే తెలుస్తుంది.

మరి దిద్దవలసిందెవరు? ఓర్చుకుని ఊరుకుంటే ఆ దెబ్బ తరువాతి జతకు తగులుతుంది. తిరిగి కొడితే ఆట కాస్తా తగవవుతుంది. పదిమందిలో కేకలేస్తే, పాపం, సిగ్గుపడి కోలలు పడేసి వెళ్లిపోతారు. మంచి గురువు తానే జతగా ఎదుట నిలిచి, అదే కోపును మొదటినుండి నెమ్మదిగా వేయిస్తాడు. తప్పితే దెబ్బ తన వేళ్లకే.

భార్యాభర్తల మధ్య, తల్లీబిడ్డల మధ్య కూడా అంతే. ఈ వారం ఎవరినైనా దిద్దబోయేముందు ఆలోచిద్దాం: దూరాన నిలబడి అరుస్తున్నామా, కోల పట్టి ఎదుట నిలిచామా? మన దెబ్బ ఎవరి వేళ్లకు తగులుతోందో వారిని ఎన్నడైనా అడిగామా?