అమ్మకమునకు పెట్టిన యిల్లు

ధ్యానమునకు: సామెతలు 20:14, లేవీయకాండము 25:14, యిర్మీయా 32:6-15



బేరమాడునప్పుడు సరకును దూషించి, యింటికి పోవు త్రోవలో తన నేర్పును తానే పొగడుకొను మనుష్యుని సామెతల గ్రంథము మనకు చూపుచున్నది. అయితే ఆ వాక్యములో అమ్మువాని మాట లేదు. కొనువాడు వెళ్లిపోయిన తరువాత అతడు అరుగుమీద కూర్చుండి యేమి తలంచెనో వ్రాయబడలేదు. ఈ నెల మనము ఆ అమ్మువానిగూర్చి కొంత ఆలోచింతము.

మన గ్రామములలో యిల్లు అమ్ముట సంతోషముతో జరుగు పని కాదు. ఆసుపత్రి ఖర్చు, ఆడపిల్ల వివాహము, కువైటు పంపెదనన్న ఏజంటు చేతిలో పోసిన సొమ్ము, పట్టణములోనున్న బిడ్డలయొద్దకు చేరవలసిన వృద్ధాప్యము, ఇట్టి కారణమేదో లేక యెవరును పుట్టిన యింటికి వెల చెప్పరు. అమ్మవలెనని నిశ్చయించుకొనుట ఒక బాధ. అమ్మజూపిన తరువాత కొనువారి కబురుకొరకు కనిపెట్టుకొని యుండుట మరియొక బాధ. మొదటిది ఒక రాత్రితో తీరవచ్చును. రెండవది నెలల తరబడి సాగును.

దీనిని మేము పుస్తకములలో చదివి చెప్పుటలేదు. కోనసీమలో ఏటికిని ఏటిగట్టుకును నడుమనున్న ఒక లంకలో మా నాయనగారు కట్టిన రెండు గదుల పెంకుటిల్లు ఉండెను. మా తల్లిగారి వైద్యమునకు చేసిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీతో పెరుగుచుండగా, 2023 సంక్రాంతి వెళ్లిన తరువాత ఆ యింటిని అమ్మకమునకు పెట్టితిమి.

మొదటి నెలలో ముగ్గురు వచ్చిరి. ఒకాయన గుమ్మములో అడుగు పెట్టకమునుపే వీధిపోటు ఉన్నదని వెనుదిరిగెను. మరియొకాయన టేపుతో మూలమూలలు కొలిచి, గోడలు తట్టి చూచి, "చూసి కబురు చేస్తామండి" అని పోయెను. మూడవ ఆయన చుట్టుప్రక్కల ఎవరుందురని అడిగి, మా జవాబు విని, టీ సగము త్రాగి లేచెను. ఆ ప్రశ్నకు అర్థమేమో మన పేటలవారికి వివరింపనక్కరలేదు. మన పేటలలోని యిండ్లకు కొనువారు తరచుగా మన పేటవారే. వారి చేతిలో రొక్కముండుట అరుదు. కావున మనవారు కనిపెట్టుకొని యుండవలసిన కాలము యితరులకంటె ఎక్కువ.

తరువాత ఆషాఢము వచ్చెను. ఆ యేట దాని వెనుకనే అధిక శ్రావణము కూడ వచ్చినందున రెండు నెలలపాటు మా గడపయెదుట చెప్పుల చప్పుడు వినబడలేదు. మనము మంచి మాసములు, చెడ్డ మాసములు లెక్కపెట్టువారము కాము. అయినను కొనువారు లెక్కపెట్టుదురు గనుక వారి పంచాంగమే మాకును పంచాంగమాయెను. వడ్డీకి మాత్రము శూన్యమాసము లేదు.

ఫోను మ్రోగిన ప్రతిసారి గుండె అదరెను. ఒక ఆదివారము ఆరాధనలో ప్రార్థన చేయుచుండగా జేబులో ఫోను కదలెను. మా పెదవులు ప్రార్థనలోనే యుండెను గాని మనస్సు బ్రోకరుయొద్దకు పోయెనని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

ఈ కనిపెట్టుట యింత కఠినముగా నుండుటకు కారణమేమి? వారు వెల కట్టినది పెంకులకును గోడలకును. మాకు మాత్రము మా నాయనగారి కష్టమునకును, మా పేటకును, మా బ్రదుకునకును వెల కట్టుచున్నట్టు తోచెను. ఎవరైన తక్కువ ధర చెప్పినయెడల మమ్మును తక్కువవారని చెప్పినట్లు నొచ్చుకొంటిమి. ఎవరును రాకపోయినయెడల మమ్మును ఎవరును కోరలేదని కుంగితిమి. మన వెల యిదివరకే చెల్లింపబడినదని పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతి (1 కొరింథీ 6:20) మేము ఎన్నిమారులు ప్రసంగించితిమో లెక్కలేదు. అయినను ఆ నెలలలో ఎవరో అపరిచితుడు ఫోనులో చెప్పబోవు అంకెకొరకు, అదియే మా వెలయైనట్లు, కనిపెట్టుకొని యుంటిమి.

ఇంకొక చిక్కు ప్రార్థనలో ఎదురాయెను. "ప్రభువా, మంచి ధర పలికించుము" అని ప్రతి రాత్రి అడుగుచుంటిమి. ఒక రాత్రి యీ తలంపు కలిగెను: ఈ యింటికొరకు వెదకుచున్న మనుష్యుడు కూడ ఎక్కడనో మోకరించి తక్కువ ధరకు దొరుకవలెనని అడుగుచుండడా? అతనికిని బిడ్డలుండవచ్చును, అప్పులుండవచ్చును. మా ప్రార్థన నెరవేరిన యెడల అతని ప్రార్థన త్రోసివేయబడవలెను గదా. తండ్రి యిద్దరి మాటలను వినుచున్నాడు. అమ్మునప్పుడు గాని కొనునప్పుడు గాని ఒకని నొకడు బాధింపకూడదని లేవీయకాండములో ఇద్దరికిని కలిపి ఆజ్ఞ యియ్యబడినది. అక్కడ భూమికి వెల కట్టవలసిన విధము కూడ చెప్పబడినది: సునాద సంవత్సరమువరకు ఎన్ని పంటలు మిగిలియున్నవో అన్నిటికే వెల. వస్తువులో నిజముగా ఉన్నదానికే వెల యని దాని భావము. అప్పటినుండి మంచి ధరకొరకు గాక న్యాయమైన ధరకొరకు ప్రార్థించుటకు ప్రయత్నించితిమి. అది మొదటి ప్రార్థనకంటె కష్టమైనది.

ఎంత కష్టమో సెప్టెంబరులో తెలిసెను. అంతకుముందు సంవత్సరము, అనగా 2022 జులైలో, గోదావరికి గొప్ప వరద వచ్చిన సంగతి మీరెరుగుదురు. ధవళేశ్వరమువద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల క్యూసెక్కులకు ఎగురవేయుదురు. ఆ వరదలో నీరు 25 లక్షలకు మించి పారెను. 1986 ఆగస్టులో వచ్చిన 35 లక్షల వరదను చూచిన పెద్దలు దీనిని చిన్నదనిరి గాని, మా నాయనగారి యింటిలో నీరు నడుము లోతున మూడు దినములు నిలిచి, గోడపొడవునను మట్టిరంగు చార విడిచిపోయెను. అమ్మకమునకు పెట్టకముందు ఆ గోడలకు సున్నము కొట్టించితిమి. అమ్మజూపు యింటికి సున్నము కొట్టించుట తప్పు కాదు. అయితే ఎందుకు కొట్టించితిమో మాకు తెలియును.

సెప్టెంబరులో వచ్చినాయన మెట్టప్రాంతమువారు, ఉద్యోగ విరమణ చేసినవారు. ఏటి గాలి ఆయనకు నచ్చెను. ఆరున్నర లక్షలకు ఒప్పుకొని, బయానా సొమ్ము జేబులోనుండి తీయుచు, "మొన్న వరదకి ఇంట్లోకి నీళ్లేమైనా వచ్చాయాండీ?" అని అడిగిరి. మా సహధర్మచారిణి మా ముఖము చూచెను. ఆ మొత్తముతో అప్పంతయు తీరును.

"అడిగితే చెప్పుదుము, అడుగకపోతే మనకేల" అని మనలో అనేకులు అందురు. దేశ చట్టము కూడ అంతకంటె ఎక్కువ కోరుచున్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనలేని ముఖ్యమైన లోపము అమ్మువానికి తెలిసియున్నయెడల, దానిని అతడే ముందుగా తెలియజేయవలెను. లోక చట్టమే యింత అడుగుచుండగా సంఘపు కాపరి సున్నము వెనుక దాగవచ్చునా? అననీయ, సప్పీరాల వృత్తాంతము కూడ ఆస్తి అమ్మకపు వృత్తాంతమే. పొలము వారిదే, అమ్మిన తరువాత సొమ్మును వారి వశములోనే యుండెనని పేతురే చెప్పెను (అపొ. కార్య. 5:4). కొంత దాచుకొనుటచేత గాక, దాచుకొని అంతయు ఇచ్చితిమని చూపుటచేత వారు పడిపోయిరి.

"నడుము లోతు వచ్చాయండి. మూడు రోజులున్నాయి" అని చెప్పితిమి. చెప్పకముందు ఎంతసేపు మౌనముగా నుంటిమో దేవునికి తెలియును. ఆయన కోపపడలేదు. సొమ్ము మరల జేబులో పెట్టుకొని, "చూసి కబురు చేస్తామండి" అని సెలవు తీసుకొనిరి. కబురు రాలేదు.

సత్యము చెప్పినందున ప్రభువు మరునాడే రెట్టింపు ధర పంపెనని మేము వ్రాయజాలము. ఆ రాత్రి మనస్సులో సమాధానము కూడ కలుగలేదు. వడ్డీ లెక్కలే కలిగెను. డిసెంబరులో ఆ లంకవాడే యొకాయన తన పెద్ద కుమారుని కాపురమునకని వచ్చి, అయిదు లక్షలు ఇయ్యగలననెను. నీరు ఎంతవరకు వచ్చెనో ఆయనకు మేము చెప్పనక్కరలేదు. ఆ మూడు దినములు ఆయన కూడ ఆ నీటిలోనే యుండెను. ఆయనకే రిజిస్టరు చేసితిమి. అప్పులో మిగిలినదానిని మరి పదునాలుగు నెలలు కట్టితిమి.

లక్షన్నర పోయినదని చాల కాలము దుఃఖించితిమి. ఇప్పుడు వేరుగా తోచుచున్నది. ఆ లక్షన్నర మాయొద్ద ఎన్నడును లేదు. అది యింటి వెల కాదు, సున్నపు వెల. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట నీటివలన ఈ డెల్టా భూములకు వెల వచ్చెను. అదే గోదావరివలన లంకలోని యింటికి వెల తగ్గును. నది చేసిన లెక్కను మేము సున్నముతో దిద్దబోతిమి.

యిర్మీయా అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనిన సంగతి చదువునప్పుడు మనము ఆ ప్రవక్త విశ్వాసమునే మెచ్చుకొందుము. అమ్మినవానిని కూడ చూడుడి. పట్టణము ముట్టడిలో నుండగా హనమేలు తన పొలమును అమ్ముకొనుటకు బందీగృహ ప్రాకారములోనున్న బంధువునియొద్దకు వచ్చెను. అట్టి దినమున వేరే కొనువాడు దొరుకునా? అతని యక్కరను చూచి యిర్మీయా వెల తగ్గించెనని వ్రాయబడలేదు. వెండి తూచి యిచ్చెను, సాక్షులను పెట్టెను, పత్రము వ్రాసి ముద్రవేసి మట్టికుండలో భద్రపరచెను. దేవుని చిత్తము ఆ దినమున ఒక తిన్నని బేరముగా కనబడెను.

కాబట్టి కొనగల స్థితిలోనున్న సహోదరులారా, మీకు ఒక మనవి. కొనుట మీకు ఇష్టము లేనియెడల లేదని ఆ దినమే చెప్పుడి. "చూచి చెప్పెదము" అను మాట మీకు మర్యాదగా తోచును. అరుగుమీద కూర్చున్నవానికి అది నెలల వడ్డీ. అవునైన అవును, కాదైన కాదు అని పలుకవలెనని మన ప్రభువు బోధించెను గదా (మత్తయి 5:37). ఎదుటివాని అప్పు సంగతి తెలిసినయెడల దానిని ధర తగ్గించుటకు ఆయుధముగా చేసికొనకుడి.

అమ్మజూపిన సహోదరులారా, కనిపెట్టుకొని యుండుట అవిశ్వాసము కాదు; గుండె అదరుట పాపము కాదు. ఆ దినములలో గోడమీది చారను దాచకుడి. కాగితములోని చిక్కును దాచకుడి. ఇంటికి తక్కువ వెల వచ్చినయెడల యింటికే తక్కువ వెల వచ్చినదని యెంచుడి.

ప్రార్థన: తండ్రీ, నేడు మా గ్రామములలో కబురుకొరకు కనిపెట్టుచున్నవారిని జ్ఞాపకము చేసికొనుము. అమ్మువాని నోట సత్యమును, కొనువాని చేతిలో న్యాయమును ఉంచుము. ఇద్దరును ఆ గడప దాటునప్పుడు ఒకని ముఖము ఒకడు చూడగల కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.