బాకీ అడుగలేని వర్తకుడు

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వా వస్త్రపరిశ్రమ గల ఊరు. సూరత్ ప్రాంతమునకు తెలంగాణ పద్మశాలీలు అనేకులు వలసపోయిరి. అచ్చట నాలుగు మరమగ్గములు నడుపుకొను ఒక బిడియస్తుని తలంచుడి. గుడ్డ అరువుపై పోవును. బాకీ అడుగుటకు నోరు రాదు, రాత్రి నిద్రయు రాదు. ఇది అవిశ్వాసమా?

కొరింథులో డేరాలు కుట్టి జీవించిన పౌలు, తన భయమును వణకును దాచుకొనక ఆ సంఘమునకే వ్రాసెను. కావున వణకుటయే పాపమనుట తొందరపాటు. (అంగడిలో కేకలు వేయువారెల్ల ధైర్యవంతులు కారు గదా!) అయితే యజమాని మౌనమువలన కూలివాడు వట్టిచేతులతో ఇల్లు చేరునెడల, దానిని సాత్వికమని పిలువరాదు. బిగపట్టిన కూలిని గూర్చి యాకోబు పత్రిక బహు కఠినముగా పలుకుచున్నది.

మాటనేర్పు లేని మోషేకు అహరోను తోడుగా ఇయ్యబడెను. అట్టి తోడు దొరకని మగ్గపు కొట్టులో, సరకు పంపిననాడే గడువు తారీఖు వేసి గుజరాతీలో వ్రాసిన చీటి ఆ పని చేయును.