గోడ ఆరనియ్యి నాన్నా

ఒరే నాన్నా, పడగ్గది గోడకున్న పూలకాగితం నువ్వూ అమ్మాయీ కలిసి పీకేశారని తెలిసి సంతోషించాను. కాకినాడ లాంటి సముద్రపుటూళ్లో గోడలకి వినైల్ కాగితం అంటించాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, లోపలి చెమ్మ బయటికి రావడానికి దారే లేకుండా చేశారు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. పైపొర వచ్చేసింది గానీ కింద పల్చటి తెల్లకాగితం అక్కడక్కడా అంటుకునే ఉంది. రంగుల మేస్త్రీ "దాని మీదే లప్పం లాగేద్దాం సార్, ఏం కాదు" అన్నాడట. ఒప్పుకోకు. గుత్తకి తీసుకున్నవాడికి ఒక రోజు కలిసొస్తుంది, అంతే. ఆ కాగితం తడికి ఉబ్బితే లప్పమూ రంగూ దానితోపాటే ఊడి వస్తాయి.

ముందు ఆ గదికి కరెంటు తీసెయ్, స్విచ్చిబోర్డుల్లోకి నీళ్లు కారతాయి. గోరువెచ్చటి నీళ్లతో కాగితం తడిపి పావుగంట నాననియ్యి. లప్పం రేకుని గోడ మీద దాదాపు పడుకోబెట్టి తోస్తే ముద్దగా వచ్చేస్తుంది. రేకుని నిలబెట్టి గీకావంటే గోడకి గంట్లు పడతాయి, మళ్లీ వాటికో పూత.

కాగితం పోతే పని అయిపోయిందనుకుంటారు అందరూ. బంక సంగతి ఎవరూ చూడరు. కంటికి గోడ శుభ్రంగానే ఉంటుంది. చెయ్యి తడిచేసుకుని రాసి చూడు, అన్నం వార్చిన గంజి తగిలినట్టు జారితే బంక ఉన్నట్టే. స్పాంజి పట్టుకుని, బకెట్లో నీళ్లు మారుస్తూ కడుగు. మురికి నీళ్లతోనే కడిగితే ఆ బంకనే గోడంతా పులిమినట్టవుతుంది. ఇప్పటి గోడరంగులు చాలావరకు నీళ్లు కలిపేవే కదా, ఆ తడికి బంక మళ్లీ కరిగి, ఆరేటప్పుడు బిగుసుకుని పైరంగుని లాగేస్తుంది. సన్నటి బీటలు అలాగే వస్తాయి. ఎంత కడిగినా వదలని మూల ఏదైనా ఉంటే అక్కడ పాత లప్పం సిమెంటు దాకా గీకించి కొత్తది పట్టించు.

ఇక ఆరబెట్టడం. వానలు పడుతున్నాయి కాబట్టి రెండురోజుల్లో ఆరిపోతుందనుకోకు. కిటికీలు తీసి ఫ్యాను వేసి ఉంచు. బాత్రూము వైపు గోడ మీద జానెడు ప్లాస్టిక్ కవరు పరిచి, నాలుగంచులా టేపు అంటించి, ఒక రోజు ఆగి చూడు. కవరు లోపలివైపు నీటిచుక్కలు పట్టాయా, చెమ్మ గోడలోంచే వస్తున్నట్టు. అప్పుడు పిలవాల్సింది ప్లంబరుని, రంగులవాణ్ణి కాదు. టైల్సు సందులో, పైపులో ఎక్కడో కారుతూ ఉంటుంది. అది ఆపకుండా ఎంత ఖరీదైన రంగు వేసినా వచ్చే వానాకాలానికి పొంగుతుంది. నల్లటి బూజు మచ్చలు కూడా చెమ్మ ఆగాకే తుడవాలి, ముక్కుకి మాస్కు కట్టుకుని.

పాపాయి ఉన్న ఇల్లు కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. కాగితం కింద పాత రంగు బయటపడిందన్నావు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకి మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో. మీ ఫ్లాటు అంతకంటే చాలా పాతది. ఆ రంగుని పొడిగా గరుకుకాగితంతో రుద్దనివ్వకు, తడిపి రుద్దించు, పెచ్చులు ఎప్పటికప్పుడు ఎత్తించు. పని అయ్యేదాకా పాపని అమ్మమ్మగారింట్లో ఉంచండి.

లప్పం పట్టించే ముందు గోడని వేలిముడుకులతో తట్టు. బోలుగా మోగినచోట ఊడదియ్యాల్సిందే. గుంటలు లోతుగా ఉంటే ఒకేసారి కూరకుండా పొరలు పొరలుగా నింపించు. ఆరి, రుద్దడం అయ్యాక, రాత్రి లైటు ఆపి టార్చి గోడకి ఆనించి పక్కనుంచి వెయ్యి. ఎత్తుపల్లాలన్నీ నీడలు పడి బయటపడతాయి. వాటి చుట్టూ పెన్సిలుతో గీసి పొద్దున మేస్త్రీకి చూపించు, ఏమీ అనలేడు. దుమ్ము తడిబట్టతో తుడిచి, ఒక చేయి ప్రైమరు, రెండు చేతులు రంగు. డబ్బా మీద రాసినదానికి మించి నీళ్లు పొయ్యనివ్వకు, ఆ పని చేస్తుండగా నువ్వు పక్కనుండు.

పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు; తలుపూ కిటికీలూ తీసేస్తే 380 చదరపుటడుగులు పైచిలుకు. రెండు చేతులకి ఆరు లీటర్లకి అటూ ఇటూ పడుతుంది. అంతా ఒకేసారి కొని పెద్ద బకెట్లో కలిపించు, విడివిడిగా కలిపిస్తే ఛాయ తేడా వస్తుంది. రంగేదో అమ్మాయి ఇష్టం. నిగనిగలాడే రకం మాత్రం వద్దు, పాత గోడ వంకరలన్నీ ఎత్తి చూపిస్తుంది. మిగిలింది సీసాలో పోసి, షేడు నంబరు రాసి దాచు. పాప పెన్సిలు పట్టే రోజు ఎంతో దూరం లేదు.