పూడిక

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక యువకుడు ఉండేవాడు. వాళ్లది సూర్యాపేట దగ్గర పల్లె. 2022 అక్టోబర్ 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ గట్టెక్కి, మెయిన్స్ కోసం చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దస్తమానం చదివేవాడు. ప్రశ్నపత్రాలు లీకైనట్టు తేలి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశాడు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది.

ఆనాటి నుంచి అతన్ని కోపం పట్టుకుంది. పుస్తకం తెరిస్తే పోయిన ఏళ్లే కళ్లముందు ఆడేవి. ఎలాగైనా దీన్ని వదిలించుకోవాలని తెల్లవారుజామున ఇందిరాపార్కులో నడక, ధ్యానం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు మనసు తేలికపడింది. పీడ విరగడైందనుకున్నాడు. అంతలో నారాయణగూడలో పాత మిత్రుడొకడు ఎదురై "ఇంకా చదువుతనే ఉన్నవా?" అన్నాడు. ఆ ఒక్క మాటకు కోపమంతా తిరిగొచ్చింది. వారం రోజులు పుస్తకం ముట్టలేదు. చేసిన సాధనంతా బూడిదలో పోసిన పన్నీరైందని, గది ఖాళీ చేస్తానని ఇంటాయనకు చెప్పాడు.

ఇంటాయన పెద్ద వయసు మనిషి. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మూసీకి మోసుకుపోయే నాలా ఆ ఇంటి వెనకే. పెద్ద వాన పడితే వాకిట్లోకి నీళ్లొస్తాయి. వచ్చిన ప్రతిసారీ ఆయన గోడ మీద తేదీ వేసి, నీళ్లు తీయడానికి ఎంతసేపు పట్టిందో పక్కన రాసేవాడు. యువకుణ్ని ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లాడు.

"చదువు బిడ్డా."

"రెండు రోజులు, రెండు రోజులు, ఒక రోజు, ఒక పూట, మళ్ల రెండు రోజులు, ఒక పూట... ఇదేం లెక్క తాతా? ఒక వరుస లేదు."

"వరుసగ రానీకి వాన మన చేతుల ఉన్నదా? ఎండకాలం కార్పొరేషనోళ్ల ఎంటబడి పూడిక తీయించుడు ఒక్కటే మన చేతుల ఉన్నది. తీయించిన ఏడు గూడ పెద్ద వానొస్తే నీళ్లొస్తయి. అట్లని తీసిందంత దండుగనా? ఒక్క తేదీ పట్టుకోకు. పైనుంచి కిందిదాక చూడు."

చూశాడు. పైన రెండు రోజుల లెక్కలు పదేపదే ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ అరుదయ్యాయి.

గది ఖాళీ చేయలేదు. నోటుపుస్తకం చివరి పేజీలో, కోపం వచ్చినప్పుడల్లా మళ్లీ చదువులో పడటానికి ఎంతసేపు పట్టిందో రాసుకోసాగాడు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది. జూన్ 9 ప్రిలిమ్స్‌కు ముందురాత్రి కోపం మళ్లీ వచ్చింది. గంటలో అతను పుస్తకం అందుకున్నాడు.

నీతి: దుఃఖం, కోపం, పగ ఒక్కసారిగా పోవు. తగ్గుతాయి, పెరుగుతాయి, మళ్లీ తగ్గుతాయి. వచ్చిందా లేదా అన్నది కొలత కాదు. వచ్చాక ఎంత త్వరగా మన పనిలో మనం పడ్డామన్నదే కొలత. దాన్నయినా ఒక్క రోజుతో తేల్చకూడదు. మనసు నిలవదని అర్జునుడు వాపోతే, అభ్యాసంతో, వైరాగ్యంతో నిలుస్తుందని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్పాడు. ఎన్నాళ్లకో గడువు మాత్రం పెట్టలేదు. కాబట్టి నిన్న కోపం తిరిగొచ్చిందని ఇవాళ్టి సాధన మానకండి.