కొబ్బరినీళ్ళ అబద్ధం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దె ఇల్లు వెతికి చూడు అని ఎందుకనలేదో నాకెప్పుడూ ఆశ్చర్యమే. బహుశా వాళ్ళకి ఆ అవసరం రాలేదేమో! ఒంట్లో బాగుండక, చేతిలో డబ్బు లేక ఇల్లు వెతకడం మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు.

నాకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవాలి. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని దానికి డబ్బు కట్టక్కర్లేదు. బస్సు కూడా 2023 డిసెంబరు నుంచి మా ఆడవాళ్ళకి ఉచితమే. ఆసరా పింఛను 2,016 రూపాయలు వస్తుంది. పదిమంది పిల్లలకి ట్యూషన్లు చెబితే తొమ్మిదివేలు. నేనూ, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయీ దాంతోనే బతకాలి.

ఇంక లెక్క వెయ్యండి. ఆసుపత్రికి దగ్గరగా నల్లకుంటలోనో, విద్యానగర్‌లోనో ఒక గదీ వంటిల్లూ చూస్తే నాకు చెప్పిన అద్దె పదకొండువేలు. ఘట్‌కేసర్ దాటి వెళితే అయిదున్నరకే దొరుకుతుంది. కానీ డయాలిసిస్ అయ్యాక బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతుంటే ఆ బస్సులో అంత దూరం ఎవరు నిలబడతారు? దగ్గరుంటే తిండి ఉండదు, దూరముంటే ప్రాణం ఉండదు. వైద్యం ఉచితమేగానీ, వైద్యానికి దగ్గరగా తలదాచుకోవడం ఉచితం కాదని అప్పుడు తెలిసింది.

నెలన్నర తిరిగాను. మొదట్లో ఉన్నమాట చెప్పేదాన్ని. ఒకాయన మూడో అంతస్తు చూపించి, "లిఫ్టు లేదు, మీకు కష్టమండీ" అన్నాడు నా మీద జాలితో. ఆ జాలి అద్దె తగ్గించేదాకా రాలేదు! ఇంకొకావిడ, "నీళ్ళు బాగా వాడతారా?" అని అడిగింది. నాకు డాక్టరు రోజుకి లీటరు నీళ్ళకి మించి తాగొద్దన్నాడని ఆవిడకేం తెలుసు? వేరొకరింట్లో అంతా కుదిరి, పాలు పొంగించే రోజు కూడా అనుకున్నాక, "మా అత్తగారు వద్దంటున్నారు" అని ఫోను చేశారు. అసలు సంగతి ఎవరూ నోటితో అనరు. అద్దె ఇంట్లో చావు వస్తే ఏమిటి గతి అన్నదే వాళ్ళ భయం.

అయిదో ఇంటికి నేను మారిపోయాను. నిండు చేతుల జాకెట్టు వేసుకున్నాను. నా ఎడమచేతికి ఫిస్టులా ఉంది. రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు తాడులా ఉబ్బి, వేలు పెడితే గుర్రుమని కొట్టుకుంటుంది. అది కనబడకూడదుగా! ఇంటావిడ డెబ్భై దాటిన పెద్దావిడ. భర్త లేరు. పిల్లలు దూరాన ఉన్నారు. వెనకవైపు పోర్షను అద్దె ఆరున్నరవేలు. ఆవిడ మందులూ, కరెంటూ దాంతోనే. "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే, "ట్యూషన్లు చెబుతాను పిన్నిగారూ, వారానికి మూడురోజులు బయటికెళ్ళి పనిచేసి వస్తాను" అన్నాను. ఇల్లు దొరికింది.

ఆ రాత్రి నాకు నేనే వకీలుని పెట్టుకున్నాను. ఇంటివాళ్ళకి ఏం తెలియాలి? అద్దె నెలనెలా ఇస్తానా, ఇల్లు శుభ్రంగా ఉంచుతానా, అంతే కదా. నా మూత్రపిండాలకీ వాళ్ళ గోడలకీ సంబంధమేమిటి? చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. ఇలా ఎంత వాదించినా, "పనిచేసి వస్తాను" అన్న మాట దగ్గరికొచ్చేసరికి నా వకీలు నోరు మూసుకునేవాడు.

పిన్నిగారు మంచావిడ. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఆవిడ గయ్యాళి అయితే నా మనసు హాయిగా ఉండేది! పనిమీద వెళ్ళి అలిసిపోయి వస్తున్నానని, గేటు దగ్గరే కాచుకుని కొబ్బరినీళ్ళ గ్లాసు చేతికిచ్చేది. "మొహం చూడు ఎలా పీక్కుపోయిందో, తాగు" అనేది. అరటిపళ్ళు పంపేది. మాగాయ పంపేది. మీలో ఎవరింట్లోనైనా డయాలిసిస్ వాళ్ళుంటే మీకు తెలుసు. కొబ్బరినీళ్ళలో, అరటిపండులో ఉండే పొటాషియం మాలాంటివాళ్ళ ఒంట్లోంచి బయటికి పోదు. పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ఉప్పు దాహం పెంచుతుంది, తాగిన నీళ్ళు ఒంట్లోనే నిలిచిపోతాయి. కాబట్టి నేను గ్లాసు తీసుకుని, నవ్వి, లోపలికెళ్ళి సింకులో పోసేదాన్ని. ఖాళీ గ్లాసు తిరిగిస్తే ఆవిడ మొహంలో తృప్తి చూడాలి! ఎంత ప్రేమైనా సరే, అసలు మనిషిని చేరకుండా తూములోకి పోతుంటే చూడడం కన్నా పెద్ద శిక్ష లేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఎండకి తాళలేక చేతులు పైకి మడుచుకుని బట్టలు ఆరేస్తున్నాను. "చేతికేమైందే?" అంది వెనకనుంచి. "నూనె చిందింది పిన్నిగారూ" అన్నాను. ఆవిడ దగ్గరికొచ్చి ఆ ఉబ్బు మీద మెల్లిగా వేలు పెట్టింది. అది కొట్టుకుంటోంది. వెంటనే వేలు తీసేసింది. ఇంక దాచడానికేముంది? అంతా చెప్పేశాను, కొబ్బరినీళ్ళతో సహా.

రోగం మాట వినగానే కోప్పడుతుందనుకున్నాను. "నాలుగు నెలలుగా నా చేత విషం ఇప్పించావా?" అని ఏడ్చింది. తరవాత చాలాసేపటికి తన సంగతి చెప్పింది. ముందు ఈ పోర్షన్లో ఉన్న పెద్దాయన ధనిష్ఠా నక్షత్రంలో పోయాడట. ఇల్లు ఆరునెలలు మూసిపెట్టమన్నారట. ఆ ఆరునెలలూ అద్దె లేక, ఆవిడ బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుందట. అది విన్నాక నా వకీలుకి జవాబు లేకపోయింది. గోడలకీ మూత్రపిండాలకీ సంబంధం లేదన్నాను కదా, ఉంది. నా చావు ఆవిడ మందుసీసాలోకి వెళుతుంది.

అలాగని ఇంటివాళ్ళదే న్యాయమని నేననను. శవాన్ని గడప తొక్కనివ్వకపోతే వానలో రోడ్డు పక్క టెంటు వేసుక్కూర్చున్న కుటుంబాల గురించి మీరూ పేపర్లో చదివే ఉంటారు. సొంతిల్లు లేనివాడికి చావడానికి కూడా చోటులేదంటే అది ఏ ధర్మం? కానీ ఆ భయం బరువంతా ఒక ముసలావిడ నెత్తిన పెట్టి, ఆవిడకి తెలియకుండా పెట్టి, నేను నిశ్చింతగా పడుకోవడం కూడా ధర్మం కాదు. ఇవ్వలేనిదాన్ని అడగడం వేరు, చెప్పకుండా తీసుకోవడం వేరు. అడిగితే కాదంటారనే కదా చెప్పకుండా తీసుకున్నాను? నిజమే. కాదనే హక్కు కూడా ఆవిడకి లేకుండా చేశాను.

మరి చెప్పుకుంటూ పోయి వీధిన పడాలా అంటారా? ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. ఇవాళ మళ్ళీ ఇల్లు వెతకాల్సొస్తే నిండు చేతుల జాకెట్టు వేసుకోనని ఒట్టు పెట్టలేను. రోగం దాచినందుకు నన్ను నేను క్షమించుకోగలను. దాచక తప్పని పరిస్థితిని మాత్రం క్షమించలేను.

రెండురోజులు పిన్నిగారు నాతో మాట్లాడలేదు. మూడోనాడు వచ్చి గుమ్మంలో నిలబడి, "అమ్మాయి పరీక్షలు మేలో అయిపోతాయిగా, అప్పటిదాకా ఉండండి. తరవాత సంగతి తరవాత చూద్దాం" అంది. ఉండమనీ కాదు, పొమ్మనీ కాదు. నాకు కోపం రాలేదు. ఆవిడ ఇవ్వగలిగింది అంత. ఈసారి తెలిసి ఇచ్చింది.

నిన్న ఆసుపత్రినుంచి వచ్చేసరికి గేటు దగ్గర ఎప్పటిలాగే నిలబడి ఉంది. చేతిలో గ్లాసు లేదు. గిన్నెలో సొరకాయ కూర ఉంది. "ఉప్పు సగమే వేశాను. నాక్కూడా అదే కూర. ఛీ, గడ్డిలా ఉంది" అంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నిజంగానే గడ్డిలా ఉంది. గిన్నె ఖాళీ చేసి ఇచ్చాను. ఈసారి సింకులో పొయ్యలేదు.