రాని గోలు

హైదరాబాదులో ఒక కుర్రాడు ఉండేవాడు. ఇరానీ హోటల్లో పెద్దవాళ్లు ఫుట్‌బాల్ కబుర్లు చెప్పుకుంటుంటే పక్కన చేరి చెవులప్పగించి వినేవాడు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన సంగతి, కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన సంగతి ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. ఆ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద మూడు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజా పేరు ప్రతి కబురులోనూ వచ్చేది. అదే జట్టులో వెనక కాపు కాసిన సొంత ఊరివాడు అజీజుద్దీన్ పేరు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. కుర్రాడికి అది అన్యాయమనిపించింది. పెద్దయ్యాక తానూ డిఫెండరే అయ్యాడు.

పన్నెండేళ్లు ఆడాడు. అతని పని గోలు కొట్టడం కాదు, రాకుండా చూడటం. బంతి ఎటు రాబోతోందో పసిగట్టి, రెండడుగులు ముందే అక్కడికి చేరేవాడు. దారి మూసుకుపోయిందని గ్రహించి ఎదుటివాడు బంతిని వెనక్కి ఇచ్చేసేవాడు. చూసేవాళ్లకు అక్కడ ఏమీ జరిగినట్టే ఉండేది కాదు. అన్నేళ్లలో పత్రికలో అతని పేరు పెద్దక్షరాల్లో ఒక్కసారే పడింది. అతని కాలికి తగిలిన బంతి సొంత గోల్లోకి దొర్లిపోయిన మర్నాడు పడింది. ఆ ముక్కను కత్తిరించి రేకు పెట్టెలో దాచుకున్నాడు.

మోకాలు మొరాయించాక కోచ్ అయ్యాడు. నలుగురు కుర్రాళ్ల నడుములకు ఒకటే తాడు కట్టి మైదానమంతా నడిపించేవాడు. ఒకడు తొందరపడి ముందుకు ఉరికితే మిగతా ముగ్గురూ తూలేవారు. నెల తిరిగేసరికి, తాడు విప్పేసినా నలుగురూ ఒక్కటిగా కదలడం అలవాటు చేసుకున్నారు. ఎదుటివాడి కాళ్లు మాయ చేసినా నడుము చేయదని, చూపు అక్కడే ఉంచాలని నేర్పాడు. ఆ నలుగురిలో ఒకడు గురువును మించాడు.

జుట్టు నెరిశాక టీవీలో వ్యాఖ్యాతగా మైకు ముందు కూర్చున్నాడు. మంచి గొంతు, ఆట తెలిసిన మనిషి. జనానికి త్వరగానే దగ్గరయ్యాడు. ఒక ఫైనల్లో ఆ శిష్యుడు ఆడుతుంటే వ్యాఖ్యానం చెప్పే అవకాశం అతనికే వచ్చింది. శిష్యుడి జట్టు ఒక్క గోలు తేడాతో గెలిచింది. గోలు కొట్టినవాణ్ని అతను ఆకాశానికెత్తేశాడు.

ఆ రాత్రి, తన గొంతు ఎలా పలికిందో చూసుకుందామని రికార్డింగు పెట్టుకున్నాడు. గోలు కొట్టినవాడి పేరు నలభై ఒక్కసార్లు వినిపించింది. శిష్యుడి పేరు ఒక్కసారే వచ్చింది, అదీ రిఫరీ పసుపు కార్డు చూపించినప్పుడు. ఎదుటి జట్టు వింగర్ ఆ తొంభై నిమిషాల్లో ఒక్క మంచి బంతి కూడా గోలు ముందుకు పంపలేకపోయాడని అప్పుడు గానీ అతను గమనించలేదు. పంపలేకపోవడానికి కారణం ఎవరో తెలియాల్సింది అందరికన్నా ముందు అతనికే.

లేచి వెళ్లి రేకు పెట్టె తెరిచాడు. రంగు మారిన ఆ కాగితం ముక్కను చాలాసేపు చూశాడు. దాన్ని రాసినవాడి మీద ఇన్నేళ్లుగా పెంచుకున్న కోపాన్ని ఇప్పుడు ఎవరి మీదికి తిప్పాలో తోచలేదు. మర్నాడు కొత్త నోటుపుస్తకం కొని, పేజీ నడుమ నిలువుగా గీత గీశాడు. ఒక పక్క వచ్చిన గోల్స్, రెండో పక్క రాని గోల్స్ రాసుకోవడం మొదలుపెట్టాడు. ప్రతి ఆటలోనూ రెండో పక్కే ముందు నిండేది.

వచ్చిన గోలు వైపు చూపు దానంతటదే పోతుంది, రాని గోలును మాత్రం వెతికి చూడాలి. తన శ్రమను లోకం గుర్తించలేదని నొచ్చుకునేవాడు, అదే శ్రమ పక్కవాడు పడుతున్నప్పుడు వాడి పేరు తన నోట ఎన్నిసార్లు వచ్చిందో ముందు లెక్కపెట్టుకోవాలి.